టేబుల్‌కి ఒకే కూపన్

కూపన్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉండే షరతులు చదవడం అందరికీ అబ్బే విద్య కాదు. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూచుని పంతొమ్మిదేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న మనిషికి మాత్రం అది అలవోకగా అబ్బింది. అద్దం మీద వెంట్రుకవాసి గీతని కనిపెట్టే కళ్ళు అవి. కూపన్ మీద "అయితే" అన్న మాట ఎక్కడ నక్కి కూచుందో ఇట్టే పట్టేస్తాయి.

అతను కొనేవి హోటళ్ళ గిఫ్ట్ కూపన్లు. పుట్టినరోజుకో, ఆఫీసులో మెచ్చుకోలుకో అవి ఎవరికో వస్తాయి. వాళ్ళకి ఆ హోటల్ దూరమవుతుంది, లేదా అక్కడి తిండి పడదు. ఫోన్‌లో అమ్మకానికి పెడతారు. వెయ్యి విలువ చేసే కూపన్ అయిదు వందలకి, గడువు దగ్గరపడితే నాలుగు వందలకి దొరుకుతుంది. అతను పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి, అద్దం నీళ్ళచక్రం మీద అరుగుతున్నప్పుడు ఒకసారి ఆ జాబితా చూస్తాడు. దుకాణంలో అతని అసలు పేరు ఎప్పుడో మరుగునపడింది. "సగం రేటూ, ఈ ఫ్రేముకి మర బిగించు" అంటాడు యజమాని. అతనికి కోపం రాదు. పిసినారి అయితే బయట తిననే తినడు కదా. తను నెలకి రెండుసార్లు భార్యని మంచి హోటల్‌కి తీసుకెళ్తున్నాడు. పూర్తి డబ్బు పోయడం లేదు, అంతే తేడా.

సోమవారం మధ్యాహ్నం ఆ జాబితాలో అద్దాల హోటల్ కూపన్లు రెండు కనబడ్డాయి. వీధి వైపు గోడంతా అద్దమే కాబట్టి ఆ హోటల్‌ని అందరూ అలాగే అంటారు. సగానికి తక్కువ ధర. చేతి తడి కూడా తుడుచుకోకుండా రెండూ కొనేశాడు. కొన్నాక తనలో తను నవ్వుకున్నాడు, ఈసారి కొన్నది అక్క కోసం.

అక్క పనిచేసేది లాండ్రీలో. అద్దాల హోటల్ టేబుల్ గుడ్డలు, చేతిరుమాళ్ళు ఉతకడానికి అక్కడికే వస్తాయి. ఇరవై మూడేళ్ళుగా వాటిని ఇస్త్రీ చేసి మడతపెట్టేది ఆమే. లాండ్రీలో ఆమెను మడతలక్క అంటారు. ఈ గురువారంతో ఆమె పని ఆఖరు. "ఒక్కసారి ఆ రుమాలు ఒళ్ళో వేసుకుని, నేను మడిచిన గుడ్డ మీద కంచం పెట్టుకుని తినాలని ఉందిరా చిన్నా" అని కిందటి నెలలో అంది. నవ్వుతూనే అంది. అయినా ఆమె తమ్ముణ్ణి నోరు తెరిచి ఒకటి అడగడం అతనికి గుర్తున్నంతలో అదే మొదటిసారి.

సాయంత్రం కూపన్లు రెండూ దుకాణం యంత్రంలో అచ్చు తీసుకుని ఇంటికి తెచ్చాడు. ఫోన్‌లో చూపిస్తే చెల్లదు, కాగితం ఇవ్వాలి, అదొక షరతు. సోమ నుంచి గురువారం వరకే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు. బిల్లు కనీసం ఏడు వందలు దాటాలి. తాగేవాటికి వర్తించదు. అన్నిటికన్నా పెద్దది, టేబుల్‌కి ఒకే కూపన్.

"అందుకని రెండు టేబుళ్ళు" అన్నాడు భార్యతో.

ఆమె పెద్దాసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. పొద్దస్తమానం ఎవరెవరికో మెత్తగా సమాధానం చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చేసరికి ఆ మెత్తదనం అడుగంటిపోతుంది. ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి ఆపి అతని వైపు చూసింది.

"ఆవిడ ఆఖరి పని రోజున ఆవిడొక టేబులూ, మనమొక టేబులూనా?"

"ఎదురెదురుగానే కదా. చూసుకుంటూ తింటాం."

"చూస్తూ తినడానికి ఆవిడేమన్నా టీవీనా?"

"ముగ్గురం ఒకచోట కూచుంటే ఒక కూపన్ వృథా. పైన ఇంకో వెయ్యి మన చేతినుంచి పడుతుంది."

"పడనివ్వండి."

పడనివ్వడం అనేది అతని చేత కాని పని. అది డబ్బు లేక కాదు. కూపన్ చేతిలో ఉండగా పూర్తి ధర కట్టడమంటే, సరిగ్గా కోసిన అద్దాన్ని కావాలని కింద పడేసినట్టు ఉంటుంది అతనికి.

"పోనీ నేను కూచుంటా ఒక్కదాన్నే. అక్కా తమ్ముడూ మీరిద్దరూ ఒకచోట కూచోండి" అంది భార్య.

అదీ కుదరదు. పోయినేడు ఇంకో హోటల్లో ఆమెను అలా విడిగా కూచోబెడితే అయిదు నిమిషాలకే "ఏవండీ, ఆ ఉప్పు ఇలా ఇవ్వండి" అని హాలంతా వినబడేలా పిలిచింది. గుట్టు రట్టయింది. సర్వర్ రెండు టేబుళ్ళూ ఒక బిల్లులో కలిపేశాడు.

"సరే. ఆవిడతో మీరే చెప్పుకోండి. నాకు నోరు రాదు" అని ఆమె మళ్ళీ ఉల్లిపాయల మీద పడింది.

చెప్పడానికి బుధవారం దాకా ఆగాడు. పని అయ్యాక లాండ్రీకి వెళ్ళాడు. లోపల ఆవిరి కమ్ముకుని, గోడల మీంచి నీళ్ళు చారలు కట్టి కారుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు పెద్ద రోలరు ముందు నిలబడి తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని దాని నోటికి అందిస్తున్నారు. అవతల నుంచి అది అప్పడంలా బయటికి వస్తోంది. ఓ మూల పొడుగాటి బల్ల దగ్గర అక్క నిలబడి ఉంది. ఒక పక్క ఇస్త్రీ అయిన రుమాళ్ళ గుట్ట, ఇంకో పక్క మడత పెట్టినవి.

ఆమె తలెత్తలేదు గానీ అడుగుల చప్పుడుని బట్టే పోల్చుకుంది. "రారా చిన్నా. ఈ డజనూ అయిపోనీ" అంది.

అతను చూస్తూ నిలబడ్డాడు. రుమాలుని ఒక్క విదిలింపుతో పరిచి, మూడో వంతు దగ్గర మడిచి, దాని మీదికి రెండో కొస తెచ్చి, బొటనవేలి గోటితో మడత వెంట ఒక్క గీత గీస్తుంది. ఆ గీతతో గుడ్డ చెప్పినట్టు వింటుంది. తర్వాత తిప్పి, మూల ఒకటి లోపలికి దోపుతుంది. మూలనున్న ఎర్రదారం కుట్టు సరిగ్గా పైకి కనబడాలి. అది అద్దాల హోటల్ గుర్తు. గీసీ గీసీ ఆ గోరు ఒక పక్క అరిగి చదునైపోయింది.

"అక్కా, రేపు మధ్యాహ్నం నిన్ను అద్దాల హోటల్‌కి తీసుకెళ్తున్నాను" అన్నాడు.

ఆమె చేతిలో రుమాలు అలాగే ఉండిపోయింది. ముఖం చూసి అతనికి భయమేసింది, అంత సంతోషం అక్కడ ఎప్పుడూ చూడలేదు. దాని మీద ఇప్పుడు షరతులు చెప్పాలి. అయినా చెప్పాడు. కూపన్ల సంగతి, టేబుళ్ళ సంగతి, ఒకళ్ళనొకళ్ళు ఎరగనట్టు ఉండాల్సిన సంగతి.

"ఓస్, అంతేనా" అంది ఆమె. "నేనొక్కదాన్నే కూచుంటాలేరా. మీరు ఎదురుగానే ఉంటారుగా."

"తిన్నంతసేపే అక్కా. బయటికొచ్చాక మామూలే."

"అయితే నిన్ను పలకరించకూడదన్నమాట."

"ఆ."

"నాకు నవ్వొస్తుందేమోరా" అని అప్పుడే నవ్వేసింది. తర్వాత ఎవరూ వినకుండా అడిగింది. "ఆ రుమాలు నిజంగానే ఒళ్ళో వేసుకుంటారా, మెడకి కట్టుకుంటారా?"

ఒళ్ళోనే అని చెప్పి, ఒక కూపన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె తేలిగ్గా ఒప్పుకోవడంతో అతని గుండె మీది బరువు దిగిపోయింది. అంత సులువుగా ఎందుకు దిగిందో ఆ పూట అతను ఆలోచించలేదు.

గురువారం అతనూ భార్యా పన్నెండున్నరకే వెళ్ళి ఒక టేబుల్ చూసుకుని కూచున్నారు. మధ్యలో ఒక టేబుల్ వదిలి అవతలిది అక్క కోసం ముందే ఫోన్ చేసి, ఆమె పేరున చెప్పి ఉంచాడు. దుకాణంలో ఒంటిపూట సెలవు పెట్టి, పెళ్ళికి వేసుకునేంత మంచి చొక్కా వేసుకొచ్చాడు. భార్య మాత్రం ఆసుపత్రికి వెళ్ళే బట్టల్లోనే వచ్చింది. అడిగితే, "మనం ఎవరి వేడుకకీ రాలేదు కదా, ఊరికే తినడానికి వచ్చాం" అంది.

అక్క ఒంటిగంటకి వచ్చింది. లాండ్రీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ నలగని చీర కట్టుకుంది. చేతిలో పెద్ద సంచీ. తలుపు దగ్గర నిలబడి హాలంతా కలయచూసింది. చూపు తమ్ముడి మీద ఒక్క క్షణం ఆగి, ముందే అనుకున్న ప్రకారం, ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ మీంచి జారినట్టు జారిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. అతను మెచ్చుకోలుగా తలదించుకున్నాడు.

నడివయసు సర్వర్ ఒకతను, పాదాలు నొప్పి పెడుతున్నట్టు కొంచెం ఒరిగి నడుస్తూ, ఆమెకు కుర్చీ లాగాడు. ఆమె సంచీలోంచి అట్టపెట్టె తీసి, అందులోంచి ఒక గోడగడియారం బయటికి తీసి, పగిలిందేమో చూసుకుని, ఎదురు కుర్చీలో నిలబెట్టింది. లాండ్రీ వాళ్ళ కానుక అన్నమాట. ఇక ఆమె టేబుల్ దగ్గర ఆమెకు తోడు ఆ గడియారమే.

అప్పుడు రుమాలు అందుకుంది. వెంటనే విప్పలేదు. తిప్పి మూల చూసింది, ఎర్రకుట్టు మీద వేలు రాసింది. తన టేబుల్ మీది మిగతా మూడు రుమాళ్ళనీ దగ్గరికి లాక్కుని చూసింది. ఒకదాని మడత ఎవరి చేతులోనో చెదిరినట్టుంది, విప్పి మళ్ళీ మడిచి గోటితో గీసింది. సర్వర్ మంచినీళ్ళు పోస్తూ అది చూశాడు.

"మీరు భలే మడుస్తున్నారమ్మా. మాకు ఎన్నిసార్లు నేర్పినా రాదు."

"ఇవి నేను మడిచినవే బాబూ. ఇవాళ్టితో అయిపోయింది" అంది.

తమ్ముడి టేబుల్‌కి మాటలన్నీ వినబడుతున్నాయి. సర్వర్ కూజా పట్టుకునే నిలబడిపోయాడు. ఎన్నేళ్ళు చేశారమ్మా అన్నాడు. ఆమె చెప్పింది. అతను లోపలికి వెళ్ళి ఇంకో సర్వర్‌ని తీసుకొచ్చి చూపించాడు. ఇద్దరూ ఆమెకు నమస్కారం పెట్టారు. ఆమె సిగ్గుపడి మళ్ళీ రుమాలు మడిచింది.

"ఇంత మంచి రోజున ఒక్కరే వచ్చారేంటమ్మా? మీవాళ్ళెవరూ లేరా?"

తమ్ముడి చేతిలో చెంచా ఆగింది. భార్య గ్లాసు దించి టేబుల్ మీద పెట్టింది.

"లేకేం బాబూ. తమ్ముడున్నాడు, మరదలుంది. ఇదిగో, ఈ కూపన్ మా తమ్ముడే కొనిచ్చాడు. నేనెప్పుడో మాటవరసకి అంటే గుర్తుపెట్టుకున్నాడు. పాపం రావాలనే అనుకున్నాడు, పని తెమల్లేదు."

అబద్ధం చెప్పమని అతను చెప్పలేదు. ఎరగనట్టు ఉండమన్నాడు గానీ, తన తరఫున సంజాయిషీ ఇమ్మనలేదు. చెవులు వేడెక్కాయి. చేప ముక్కని కంచం అంచుకి నెట్టేశాడు. అక్క సూపు తాగింది, చెంచా చప్పుడు కాకుండా జాగ్రత్తగా. తర్వాత చేప, తర్వాత కొంచెం అన్నం. ప్రతి ముద్దకీ ఒళ్ళోని రుమాలు జారిందేమోనని సర్దుకుంది. ఒకటి రెండుసార్లు ఎవరికో చెప్పబోయినట్టు తలెత్తి, ఎదురుగా గడియారాన్ని చూసి మళ్ళీ దించేసుకుంది.

సర్వర్ వాళ్ళ టేబుల్ దగ్గరికి వచ్చి కంచాలు తీస్తూ గొంతు తగ్గించాడు.

"ఆ అమ్మని చూశారా సార్. ఇవాళ ఆవిడ పనిలో ఆఖరి రోజట. సొంత తమ్ముడు చేతికో కూపన్ ముక్క ఇచ్చి పంపించేశాడు. తను రాలేదు. ఎలాంటి మనుషులుంటారో చూడండి."

అతను తలూపాడు.

"మీకు అభ్యంతరం లేకపోతే ఆవిడ్ని ఈ ఖాళీ కుర్చీలోకి పిలవనా సార్? ఒక్కరే కూచుని తింటుంటే చూడ్డానికి బాగోలేదు. మీరూ భార్యాభర్తలు, ఆవిడకీ కాస్త మనుషుల మధ్య ఉన్నట్టుంటుంది."

భార్య కుర్చీ అప్పుడే కొంచెం వెనక్కి జరిగింది, లేచి పిలవబోతున్నట్టు. అతని మనసు మాత్రం, తరవాత ఎన్ని రోజులు తలుచుకున్నా నమ్మబుద్ధి కాని వేగంతో, ఒక్కటే అనుకుంది. ఒకే టేబుల్ అయితే ఒకే కూపన్.

"మేం... కొంచెం సొంత విషయాలు మాట్లాడుకుంటున్నాం" అన్నాడు.

సర్వర్ ముఖంలో ఏదో మూసుకుపోయింది. "సరే సార్" అని వెళ్ళిపోయాడు. భార్య అతని వైపు చూడలేదు. అద్దంలోంచి వీధి చూస్తూ కూచుంది. అక్క విందో లేదో తెలియదు. ఒళ్ళోని రుమాలు తీసి టేబుల్ మీద పరిచి మడవడం మొదలుపెట్టింది. తినడం అయిపోయిందన్నమాట.

పది నిమిషాలకి సర్వర్ రెండు గాజుగిన్నెల్లో ఐస్‌క్రీమ్ తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. పైన వేడి చాక్లెట్ పోసి ఉంది.

"మేం చెప్పలేదే" అన్నాడు అతను.

"మా తరఫున సార్" అన్నాడు సర్వర్, ఎటో చూస్తూ.

ఊరికే వచ్చిందంటే ఈ కూపన్ల మనిషికి ఎంత బాధలోనైనా ప్రాణం లేచొస్తుంది. "చూశావా, ఫ్రీ" అన్నాడు భార్యతో గుసగుసగా. ఆమె ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె అతని వైపు తోసింది. కరిగిపోతుందని అతనే రెండూ తినేశాడు.

అక్క బిల్లు దగ్గర ఏదో జరుగుతోంది. ఆమె సర్వర్‌తో తల దగ్గరగా పెట్టి మాట్లాడింది. తర్వాత చేతిసంచీలోంచి, ఆఖరి జీతమని లాండ్రీ వాళ్ళిచ్చిన కవరు తీసింది. అందులోంచి నోట్లు తీసి పళ్ళెంలో పెట్టింది. కూపన్ తీసుకోలేదన్నమాట. లేచి వెళ్ళాలి. వెళ్ళి ఏమిటని అడగాలి. కానీ ఇంతసేపూ ఎరగని మనిషి ఇప్పుడెలా లేస్తాడు? తన కూపన్ ఇంకా చేతిలోనే ఉంది, బిల్లు ఇంకా రాలేదు. అతను కూచునే ఉన్నాడు. గడియారాన్ని పెట్టెలో సర్దుకుని ఆమె నడిచి వెళ్ళిపోతుంటే ఆమె వీపు చూస్తూ కూచున్నాడు. అతని కూపన్ ఏ పేచీ లేకుండా చెల్లింది.

వీధి మలుపులో ఆమె వాళ్ళ కోసం నిలబడి ఉంది. చంకలో గడియారం పెట్టె. మొహం కళకళలాడుతోంది.

"ఎంత బాగుందిరా చిన్నా. ఏమమ్మా, నువ్వు సరిగ్గా తిన్లేదే?"

"తిన్నాను వదినా" అంది భార్య. ఆమె దగ్గర్నుంచి ఆ పెట్టె అందుకుని తను పట్టుకుంది.

"కూపన్ ఎందుకు తీసుకోలేదక్కా?"

"ఏదో తక్కువైందటరా, నాకేం అర్థం కాలేదు. ఇదిగో, దాచుకో. గడువుందిగా, పనికొస్తుంది." కాగితాన్ని మూడు మడతలు పెట్టి, ఒక మూల లోపలికి దోపి, రుమాలులా చేసి ఇచ్చింది.

"నన్ను పిలవొచ్చు కదా."

"నిన్ను పలకరించొద్దన్నావుగా" అంది ఆమె.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

శుక్రవారం దుకాణంలో అతను ఎడమకంటి అద్దాన్ని ఫ్రేములో కుడి గడికి సరిపోయేలా అరగదీశాడు. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చెయ్యని తప్పు. యజమాని ఫ్రేముని వెలుతురుకి పట్టి చూసి, "ఏమైంది సగం రేటూ, సగం బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. అతను ఇంకో అద్దం తీసుకుని, నడిమధ్యన చుక్క పెట్టి, చక్రం మీద నీళ్ళు వదిలాడు. అద్దం కీచుమంటూ అరుగుతుంటే ఆ సర్వర్ మాటే వినబడింది. చేతికో కూపన్ ముక్క ఇచ్చి పంపించేశాడు.

ఇంట్లో భార్య ఆ విషయం ఎత్తడం లేదు. తిడితే సమాధానం చెప్పేవాడు. ఆమె ఆసుపత్రి ఫోన్‌లో మాట్లాడినంత మెత్తగా మాట్లాడుతోంది, అదే అతనికి దడ పుట్టిస్తోంది.

సాయంత్రం అక్క గదికి వెళ్ళాడు. అప్పటికే గడియారం గోడకెక్కింది. ఆమె కుర్చీలో కూచుని, చెయ్యడానికి పని లేక, తలగడ గలీబులు తీసి మడుస్తోంది.

"ఆదివారం మళ్ళీ వెళ్దాం అక్కా. ముగ్గురం. ఒకే టేబుల్. కూపన్లూ లేవు, ఏమీ లేవు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూసింది.

"వద్దురా. చూశాను కదా. ఒక్కసారి చూడాలనే ఉండేది, అది తీరిపోయింది. ఎందుకు దండగ."

ఎంత బతిమాలినా రానంది. అతను తిరిగి వస్తూ దారిలో ఆగి, జేబులోంచి మడిచిన కూపన్ తీసి చూశాడు. ఒక్కసారి అన్నది ఆమె లెక్కలో నిజంగా ఒక్కసారే. ఆ ఒక్కసారినీ తను గడియారం ఎదురుగా కూచోబెట్టాడు. అది దిద్దడానికి వీల్లేదు. అద్దమైతే పారేసి ఇంకోటి తీసుకుంటాడు.

దిద్దలేనివాడు ఇంకెవరి మీదైనా కోపం తెచ్చుకోవాలని చూస్తాడు. శనివారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే అతనికి అలాంటిదొకటి దొరికింది. ఫోన్‌లో అద్దాల హోటల్ ధరల పట్టిక తీశాడు. సూపు, చేప, అన్నం. మళ్ళీ కూడాడు. ఏడు వందలు ఎప్పుడో దాటింది. తక్కువ కావడమేమిటి? చదువులేని మనిషి, ఒంటరిగా ఉంది, తమ్ముడు కూడా రాలేదు అని చూసి మోసం చేశారు. నోట్లు గుంజుకున్నారు. రక్తం పొంగింది. రెండు రోజులుగా వంగిపోయిన నడుము నిటారుగా అయింది. అక్క కోసం ఇప్పుడు తను చెయ్యగలిగింది ఒకటుంది.

సోమవారం భోజనాల వేళ, కూపన్ పట్టుకుని హోటల్‌కి వెళ్ళాడు. ఆ సర్వరే ఎదురొచ్చాడు. ఎంతమంది సార్ అని అడగబోయి గుర్తుపట్టాడు. మొహంలో మర్యాద ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

"గురువారం ఆ టేబుల్ దగ్గర ఒకావిడ కూచుంది. లాండ్రీ ఆవిడ. ఆవిడ కూపన్ మీరెందుకు తీసుకోలేదు?" అన్నాడు అతను. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఆవిడ బిల్లు ఏడు వందలు దాటింది. నేను లెక్క చూశాను. పెద్దావిడని చూసి మోసం చేస్తారా?"

సర్వర్ అతన్ని వింతగా చూశాడు. "మీకెలా తెలుసు సార్?"

"తెలిసినావిడ."

"ఆ రోజు తెలిసినట్టు లేరే" అన్నాడు సర్వర్. తర్వాత కూపన్ కాగితాన్ని, దాని మడతల్ని చూశాడు. గొంతు మెత్తబడింది. "మేం తీసుకోకపోవడమేంటి సార్. ఆవిడ ఇవ్వలేదు. గ్లాసు కింద పెట్టుకుంది. అమ్మా, కూపనుందిగా అని నేనే అన్నాను. 'వద్దు బాబూ, ఇన్నేళ్ళూ మీ గుడ్డలు మడిచాను, ఈ ఒక్క పూట మీ అన్నానికి పూర్తి డబ్బిచ్చి తింటాను. ఇది మా తమ్ముడికి పనికొస్తుంది, వాడికి ఇవంటే ఇష్టం' అంది."

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఇంకోటి చెప్తా. చెప్పొద్దంది, కానీ మీరు తెలిసినవాళ్ళంటున్నారు కదా. మీ టేబుల్‌కి ఐస్‌క్రీమ్ వచ్చింది చూడండి, మా హోటల్లో ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వరు సార్. అది ఆవిడ ఇప్పించింది. ఆ కవరులో డబ్బులోంచే. ఎవరు పంపారో చెప్పకు అంది."

"ఎందుకు?" అన్నాడు అతను.

"నేనూ అదే అడిగాను. మిమ్మల్ని పక్కన కూచోనివ్వడానికే ఒప్పుకోలేదు కదమ్మా, వాళ్ళకెందుకు అన్నాను. 'వాళ్ళని చూస్తే మా తమ్ముడూ మరదలూ గుర్తొచ్చారు. ఇవాళ వాళ్ళకి నా చేత్తో ఏదన్నా పెట్టాలని ఉండింది' అంది."

హాల్లో చెంచాల చప్పుడు, ఎవరో నవ్వడం వినబడుతున్నాయి. రెండు గిన్నెలూ తనే తిన్నాడు. కరిగిపోతుందని తిన్నాడు. దొరికింది కదా అని అడుగు దాకా గీకి తిన్నాడు.

"ఆ తమ్ముణ్ణి నేనే" అన్నాడు.

సర్వర్ ఆ పక్క టేబుల్ మీది రుమాలు సర్దుతూ, "కూచోండి సార్" అన్నాడు. అతను కూచోలేదు. కూపన్‌ని జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు.

దుకాణానికి ఇంకా గంట టైముంది. కాళ్ళు అక్క గదికే నడిపించాయి. ఆమె తలుపు తీసి, ఈ వేళప్పుడొచ్చావేంట్రా, తిన్నావా అంది. తిన్నానన్నాడు. నమ్మినట్టు లేదు, రెండు రొట్టెముక్కలు కాల్చి, టీ పెట్టింది. ఆ గదిలో ఉన్నది ఒకటే చిన్న బల్ల. ఒక పక్క అతను కూచున్నాడు. ఆమె ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూచుంది. పైన గోడ మీద గడియారం కొట్టుకుంటోంది.

అన్నీ చెప్పాలనే వచ్చాడు. నాకు తెలిసిందక్కా, అంతా తెలిసింది అని. మాట నాలుక దాకా వచ్చింది.

"కూపన్ వాడుకున్నావా?" అంది ఆమె. "గడువు అయిపోతుందేమోనని నాకు అదే ధ్యాసగా ఉంది."

ఆమె కళ్ళల్లోకి చూశాడు. అందులో బెంగ నిజమైనదే. తను చెప్తే ఆమె దాచుకున్నదంతా, ఇష్టంగా చేసిందంతా బయటపడిపోతుంది. ఆమెకు మిగిలింది అదొక్కటే.

"ఆ. ఇవాళే వాడేశాను. ఏ పేచీ లేకుండా తీసుకున్నారు" అన్నాడు. జేబులో కాగితం తొడకి ఒత్తుకుంటోంది.

"చూశావా. నేనే ఏదో తికమకపడి ఉంటాను" అని ఆమె తృప్తిగా టీ ఊదుకుంది. రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, బల్ల మీద పడిన రొట్టెపొడిని వేలితో ఒక చోటికి చేర్చింది. తర్వాత అతని వైపు చూడకుండా, ఏదో అడగకూడనిది అడుగుతున్నట్టు అంది.

"ఒరే చిన్నా. నీకు వీటన్నిటి సంగతీ తెలుసు కదా. మనం ముగ్గురం ఒకచోట కూచుని తినే కూపన్ ఎక్కడైనా ఉంటే చూడరా. ఖరీదైనదేం అక్కర్లేదు."

"చూస్తానక్కా" అన్నాడు అతను. రొట్టెముక్క తీసుకుని టీలో ముంచాడు. అది మెత్తబడి గ్లాసులోకి విరిగి పడేదాకా అలాగే పట్టుకుని కూచున్నాడు.